గాలి తాగిన ఊరు

గుల్లలంక కుళాయి కింద అరచెయ్యి పెట్టి నిలబడ్డ సాదియాను పోయిన వారం అక్కడే వదిలేశాం. ఆ చేతిలో చుక్క నీరు పడలేదు. బుస్సుమని గాలి మాత్రం తగిలింది. నాలుగడుగుల దూరంలో, సిమెంటు గుంటలో, ఊరి మీటరు ముల్లు గిరగిరా తిరుగుతూనే ఉంది.

ఈ వారమే చదవడం మొదలుపెట్టినవాళ్ల కోసం నాలుగు ముక్కలు. కోడూరు దాటి సముద్రం వైపు వెళ్తే చిట్టచివర వచ్చే ఊరు గుల్లలంక. అక్కడ ఎక్కడ తవ్వినా ఉప్పునీరే. తాగడానికి మంచినీటి పథకం పైపు ఒక్కటే దిక్కు. మూడు నెలలుగా ఆ పైపులో నీళ్లు సరిగా రావడం లేదు. మీటరు మాత్రం నీళ్లు వదిలిన ప్రతిరోజూ లక్ష లీటర్లు చేరినట్టు చూపిస్తోంది. మీటరు చూపిస్తోంది కాబట్టి ఊరికి వచ్చే ట్యాంకరు ఆపేశారు. ‘నీరు అందలేదు’ అని రిజిస్టరులో రాసినందుకు లైన్‌మన్ సత్యానందాన్ని, తప్పుడు నమోదు చేశాడని సస్పెండ్ చేశారు. మీటరు సవ్యంగా ఉందని సర్టిఫికెట్ మీద సంతకం పెట్టమని సాదియాను ఆమె మేనేజరు హరిబాబు ఒత్తిడి చేస్తున్నాడు. పథకం మీటర్ల బాగోగులు చూసే కాంట్రాక్టు అతని కంపెనీదే. సాదియా అందులో టెక్నీషియన్. సంతకం పెట్టకపోతే మర్నాటి నుంచి పనిలోకి రానక్కర్లేదని ఫోన్‌లోనే చెప్పేశాడు.

సంతకం పెట్టలేదు. మంగళవారం ఉదయం బందరులో మొదటి బస్సెక్కి, చల్లపల్లి మీదుగా అవనిగడ్డలో దిగింది. గుల్లలంక నీళ్ల మీద, సత్యానందం సస్పెన్షన్ మీద విచారణ అక్కడే, పదకొండు గంటలకు.

పథకం కార్యాలయంలో పై అంతస్తు గది. బయట మే నెల ఎండ మండిపోతోంది. కిటికీలకు తడిపిన గోనెలు వేలాడదీశారు. బల్లకు అటువైపు ఇంజనీరు ఝాన్సీలక్ష్మి కూర్చుంది. యాభై దాటిన మనిషి. ఎవరు మాట్లాడుతున్నా మధ్యలో ఆపదనీ, రాసుకుంటుందనీ ఆమెకు పేరు. ఇటువైపు ఒక కుర్చీలో హరిబాబు, అతని ముందు బల్ల మీద మెరిసిపోతున్న కొత్త మీటరు ఒకటి. గుల్లలంకలో పెట్టినది అచ్చంగా ఇలాంటిదేనని చూపించడానికి తెచ్చాడు. గోడ పక్క బెంచీ మీద సత్యానందం. ఇస్త్రీ చేసిన తెల్లచొక్కా, ఒళ్లో చేతులు. ఇరవై రెండేళ్ల ఉద్యోగంలో ఆ గదిలో కూర్చోమని అతనికి ఎవరూ చెప్పింది లేదు, ఇవాళ తప్ప. గుమ్మం దగ్గర నేల మీద గుల్లలంక నుంచి వచ్చిన ముసలామె వెంకాయమ్మ, ఆమెతో వచ్చిన ఆడవాళ్లు ఆరుగురు.

ముందు హరిబాబు మాట్లాడాడు. తడబాటు లేకుండా, గౌరవంగా, నెమ్మదిగా చెప్పుకుంటూ పోయాడు. మీటరుకు కంపెనీ ముద్ర ఉంది, సీలు ఎవరూ విప్పలేదు, రెండు వందల లీటర్ల డ్రమ్ము నింపి చూస్తే కచ్చితంగా రెండు వందలే చూపించింది. చివరి ఊళ్లవాళ్లకు ఎంత ఇచ్చినా చాలదనే అలవాటు ఉంటుందనీ, మంచినీళ్లు పశువులకూ పాదులకూ వాడేసి రాలేదంటారనీ, లైన్‌మన్ ఆ ఊరివాళ్ల మొహమాటానికి లొంగి రిజిస్టరులో అబద్ధం రాశాడనీ చెప్పాడు.

అబద్ధం అన్న మాట దగ్గర సత్యానందం తలెత్తి చూశాడు. మళ్లీ దించుకున్నాడు.

ఝాన్సీలక్ష్మి వెంకాయమ్మను చెప్పమంది. వెంకాయమ్మ లేచి నిలబడి, పైట సర్దుకుంది. చేపల గంపలు మోసి మోసి ఒక భుజం కిందికి వాలిన మనిషి. గొంతు మాత్రం వాలలేదు.

“అమ్మా, నాకు లెక్కలు రావు. మా ఊళ్లో వెయ్యిమంది ఉంటాం. లక్ష లీటర్లు తాగామని ఆ బాబు అంటన్నాడు. తాగినోళ్లం బలంగా ఉండాలి గదా. మా పిల్లలు ముగ్గురు ఈ అవనిగడ్డ ఆసుపత్రిలోనే, వాంతులతో పడున్నారు. చెరువు నీళ్లు కాచి పోశాం. మూడు మైళ్లు నడిచి బిందె తెచ్చుకుంటన్న ఆడదాన్ని పట్టుకుని, నువ్వు నీళ్లు ఒలకబోసుకున్నావంటే ఎట్టా ఉంటదమ్మా? దాహం మాది. దొంగలం కూడా మేమేనా?”

ఝాన్సీలక్ష్మి రాసుకుని, సాదియా వైపు చూసింది. డ్రమ్ము పరీక్ష చేసింది మీరేనా అని అడిగింది.

“నేనేనండి. హరిబాబు గారు చెప్పింది నిజం. నీళ్లు పోస్తే ఈ మీటరు సరిగ్గానే చూపిస్తుంది.”

హరిబాబు కుర్చీలో వెనక్కి వాలాడు.

“నీళ్లు పోయకపోయినా చూపిస్తుందండి,” అంది సాదియా.

ఆ మాట అనే ముందు రాత్రంతా ఎంత భయపడిందో, అన్నాక అంత తేలికపడింది. కోపం ఆమెకు ధైర్యాన్నిచ్చింది. మీటరు గుంట దగ్గర ఆ ముల్లు తిరగడం చూసినప్పటి నుంచీ ఆ కోపం లోపల కాగుతూనే ఉంది. ఇంత చిన్న సంగతి. పాలిటెక్నిక్ రెండో ఏడాది పుస్తకంలో ఉన్న సంగతి. ఈ గదిలో సగం మందికి తెలిసి ఉండాల్సిన సంగతి. దానికి ఒక ఊరు ఎండింది, ఒక మనిషి ఉద్యోగం పోయింది.

బల్ల దగ్గరికి వెళ్లి, హరిబాబు తెచ్చిన మీటరును రెండు చేతులతో ఎత్తి, దాని నోరు అందరికీ కనబడేలా తిప్పింది. లోపల చిన్న చక్రం, రేకుల్లాంటి రెక్కలు. నీరు తోస్తే చక్రం తిరుగుతుంది, ఎన్ని చుట్లు తిరిగితే అన్ని లీటర్లని పైన అంకెలు మారతాయి. కరెంటు అక్కర్లేదు, చవక, ఎవరైనా బిగించుకోవచ్చు. పైపు ఎప్పుడూ నిండుగా, నీళ్లు శుభ్రంగా ఉండే చోట దీనికి వంక పెట్టడానికి లేదు. “కానీ తనను తోస్తున్నది నీరో గాలో ఈ చక్రానికి తెలీదండి. మన దగ్గర రోజు విడిచి రోజు నీళ్లు వదులుతాం. వదలని రోజు పైపు ఖాళీ అయిపోయి గాలి నిండుతుంది. మళ్లీ వదిలినప్పుడు, కోడూరు ట్యాంకు నుంచి ఎనిమిది కిలోమీటర్ల పైపులో ఉన్న ఆ గాలంతా ఎక్కడికి పోవాలి? చివరి ఊరి మీటరులోంచే పోవాలి.”

మధ్యలో గాలి బయటికి పోవడానికి వాల్వులు ఉంటాయి కదా అని ఝాన్సీలక్ష్మి అడిగింది. నక్షాలో ఐదున్నాయని, తను లైను వెంట నడిస్తే ఒక్కటే కనిపించిందని, అది కూడా తుప్పుపట్టి బిగిసిపోయిందని సాదియా చెప్పింది. వాటిని చూడాల్సింది తమ కంపెనీయేనని కూడా చెప్పింది.

హరిబాబు మొహంలో నవ్వు పోయింది. ఏ మీటరుకైనా ఏదో ఒక లోపం ఉంటుంది మేడమ్, అన్నాడు.

“ఉంటుందండి. ఆ లోపాలు తెలుసనే కదా మీరు నాకు జీతం ఇస్తోంది.” ఆమె అతని వైపు తిరగలేదు. ఇంజనీరుకే చెప్పింది. తను పని నేర్చుకున్న చక్కెర మిల్లులో పైపు మధ్యన చిల్లు ఉన్న పళ్లెం బిగించి, దానికి అటూ ఇటూ ఉండే ఒత్తిడి తేడాను బట్టి కొలిచేవారు. ఆవిరికి అది మొండిఘటం, ఏళ్ల తరబడి పనిచేస్తుంది. ఇక్కడ పెడితే ఉన్న కాస్త ఒత్తిడినీ అదే మింగేస్తుంది. నూనె ఫ్యాక్టరీల్లో ఏకంగా బరువునే కొలిచేవి ఉన్నాయి, వాటంత నిక్కచ్చి ఇంకోటి లేదు, కానీ అలాంటిది ఒకటి కొనే డబ్బుతో గుల్లలంకకు ఇంకో ట్యాంకు కట్టొచ్చు. అయస్కాంతంతో పనిచేసే మీటరులో తిరిగే చక్రమే ఉండదు, బురద వచ్చినా నాచు వచ్చినా పట్టించుకోదు. దానికి కరెంటు కావాలి, పైపు ఎప్పుడూ నిండుగా ఉండాలి, సగం నిండినా నిండే ఉందనుకుని లెక్క కట్టేస్తుంది. “మీటరు మంచిదా చెడ్డదా అని కాదండి. ఎక్కడ పెడుతున్నామో చూసి పెట్టాలి. ఖాళీ అయ్యే పైపు చివర చక్రం మీటరు పెట్టడమంటే, ఆ ఊరికి అన్యాయం జరగాలని కోరి పెట్టినట్టే.”

ఇవన్నీ నోటి మాటలే అన్నాడు హరిబాబు.

సాదియా మీటరును గుమ్మం దగ్గరికి తీసుకెళ్లింది. అంకెలు ఒకసారి చదవమని, గోడ పక్కన నిలబడ్డ ఆఫీసు గుమాస్తాను అడిగింది. తర్వాత మీటరు నోరు వెంకాయమ్మ మొహానికి ఎదురుగా పెట్టి పట్టుకుంది.

“మామ్మగారూ, ఊదండి.”

వెంకాయమ్మ ఒకసారి సాదియాను, ఒకసారి ఇంజనీరును చూసింది. ఝాన్సీలక్ష్మి తల ఊపింది. ముసలామె గుండె నిండా ఊపిరి పీల్చుకుని, పొయ్యి ఊదినట్టు ఊదింది. చక్రం చిటచిటమని తిరిగింది. ముల్లు కదిలింది. వెంకాయమ్మ ఇంకోసారి ఊదింది. ఇంకోసారి. ఆయాసపడుతూనే, వద్దన్నా ఆగకుండా ఆరు సార్లు ఊదింది. ఆమె కళ్లలో నీళ్లు తిరిగాయి. అది ఆయాసం వల్ల మాత్రమే కాదు.

గుమాస్తా వంగి చదివాడు. మొదట చదివినదాని కంటే ఏడు లీటర్లు ఎక్కువ.

“మామ్మగారు ఇప్పుడు ఏడు లీటర్లు నీళ్లు తాగినట్టు,” అంది సాదియా.

“ఊదింది నేను,” అంది వెంకాయమ్మ రొప్పుతూ. “తాగినట్టు రాసుకున్నది మీరు.”

గదిలో కూర్చున్న ఆడవాళ్లలో ఒకామె మొహం చీర చెంగులో దాచుకుంది. ఝాన్సీలక్ష్మి కలం కింద పెట్టింది. తర్వాత అక్కడి నుంచే ఫోన్ చేసి, గంటలోగా గుల్లలంకకు రెండు ట్యాంకర్లు బయల్దేరాలని, పైపులో నీళ్లు వచ్చేదాకా రోజూ వెళ్లాలని చెప్పింది. ఆ మీటరు రీడింగులు వేటికీ ఆధారంగా తీసుకోకూడదని రాయించి సంతకం చేసింది. వెంకాయమ్మ చేతులు జోడించబోతే, దండాలు వద్దమ్మా అంది.

అక్కడితో అయిపోతే బాగుండేది.

హరిబాబు లేచి నిలబడ్డాడు. ఓడిపోయినవాడిలా లేడు. సాదియా చెప్పినదంతా ఒప్పుకుంటున్నానన్నాడు. చివరి మీటరు గాలిని లెక్కపెట్టింది, గుల్లలంకకు నీళ్లు చేరలేదు, ఊరి జనాన్ని తప్పుపట్టినందుకు క్షమించమన్నాడు. వెంకాయమ్మ వైపు తిరిగి నమస్కారం కూడా పెట్టాడు.

“అయితే మేడమ్, కోడూరు ట్యాంకు దగ్గర, నీళ్లు బయల్దేరే చోట ఇంకో మీటరుంది. అది అయస్కాంతం మీటరు. చక్రం లేదు, గాలికి తిరగదు. మంచిదని ఈ అమ్మాయే ఇప్పుడు చెప్పింది. అది కూడా నీళ్లు వదిలిన ప్రతిరోజూ లక్ష లీటర్లు బయల్దేరినట్టే చూపిస్తోంది. మరి లక్ష లీటర్లు బయల్దేరి, ఊరికి చేరకపోతే, మధ్యలో ఏమయ్యాయి? దారిలో వాల్వుల తాళాలు ఎవరి దగ్గరున్నాయి?”

గది గదంతా బెంచీ వైపు తిరిగింది.

సాదియాకు అర్థమైంది. ఊరిని నిర్దోషిగా నిలబెట్టడానికి తను చెప్పిన ప్రతి మాటా ఇప్పుడు సత్యానందం మెడకు చుట్టుకుంటోంది. తప్పుడు నమోదు అనే నేరం పోయింది. దాని స్థానంలో దొంగతనం వచ్చింది. మొదటిదానికి సస్పెన్షన్. దీనికి జైలు.

అందరికంటే ముందు వెంకాయమ్మ అడిగింది.

“సత్యానందం, తమ్ముడూ. నువ్వు అమ్ముకున్నావా మా నీళ్లు?”

సత్యానందం లేవలేదు. లేదని ఒక్క మాట అంటే చాలు. ఆ మాట కోసం ఆ ఆడవాళ్లందరూ ఎదురుచూశారు. ఇరవై రెండేళ్లుగా అర్ధరాత్రి లేపినా విసుక్కోకుండా సైకిల్ మీద వచ్చినవాడు, ఏ ఇంట్లో కుళాయి పాడైనా రూపాయి తీసుకోనివాడు, చర్చిలో పెద్దమనిషి. తన ఒళ్లో ఉన్న చేతుల్ని చూసుకుంటూ, “నేను చెప్పేది ఏమీ లేదక్కా,” అన్నాడు.

సాదియాకు హరిబాబు మీద వచ్చిన కోపం కంటే ఎక్కువ కోపం ఆ మౌనం మీద వచ్చింది. మీకోసం నేను ఉద్యోగం వదులుకుని వచ్చాను బాబాయ్ గారూ, నోరు విప్పరేం అని అరవాలనిపించింది. అరవలేదు. ఇంజనీరు వైపు తిరిగి, కోడూరు మీటరు నిజం చెబుతోందో లేదో ఇవాళే తేల్చాలని అడిగింది. తన సంచిలో అల్ట్రాసోనిక్ మీటరు ఉందని చెప్పింది. పైపు కొయ్యక్కర్లేదు, పైనుంచి రెండు బిళ్లలు కట్టి శబ్దం పంపితే లోపల నీరు ఎంత వేగంతో పోతోందో తెలుస్తుంది. దాన్నీ గుడ్డిగా నమ్మకూడదు, నీళ్లలో బుడగలున్నా పైపు లోపల పాచి కట్టినా తికమకపడుతుంది. అందుకని ప్రతిచోటా మూడేసి సార్లు చూద్దామంది.

హరిబాబు ఆ పరికరం కంపెనీదని, ఆమె ఉద్యోగం నిన్నటితో పోయిందని గుర్తుచేశాడు. పరికరం సాయంత్రానికి మీకు అప్పగిస్తాను, పదండి అంది ఝాన్సీలక్ష్మి.

రెండు గంటలకు అందరూ కోడూరు ట్యాంకు దగ్గర ఉన్నారు. అది నీళ్లు వదిలే రోజే. ఇంజనీరు జీపులో సత్యానందం, గుమాస్తా, కార్లో హరిబాబు, ఆటోలో వెంకాయమ్మ, సాదియా. ఆటోలో వెంకాయమ్మ దారంతా మొహం బయటికి తిప్పుకునే కూర్చుంది.

సాదియా మనసులో ఒకటే ఆశ. మీటరు ఉన్న చోట పైపు సగమే నిండుతూ ఉండాలి. అప్పుడు ఆ మీటరు లేని నీళ్లను ఉన్నట్టు చూపిస్తున్నట్టు తేలుతుంది. అంటే దొంగతనమే లేదు. గుంటలోకి దిగి చూసింది. పైపు మీటరు దాటాక పైకి లేచి, ఆ తర్వాత కిందికి దిగింది. అలా కడితే నీళ్లు వదిలినంతసేపూ మీటరు నిండుగానే ఉంటుంది. పద్ధతి తెలిసినవాళ్లే కట్టారు. అయినా బిళ్లలు కట్టింది, జిగురు రాసింది, మూడుసార్లు చూసింది. మూడుసార్లూ రెండు మీటర్లూ ఒకే మాట చెప్పాయి. లక్ష లీటర్లు నిజంగానే బయల్దేరుతున్నాయి.

హరిబాబు సత్యానందం వైపు తల ఎగరేసి చూశాడు.

“లైను వెంట పోదామండి,” అంది సాదియా.

భూమిలో పూడ్చిన పైపు రెండే చోట్ల బయటికి కనిపిస్తుంది. మొదటిది కాలవ వంతెన. ఎండకు కాలిన ఇనుప కమ్మీల మీద మోకాళ్లు ఆనించి కూర్చుని కొలిచింది. ట్యాంకు దగ్గర ఎంతో అక్కడా అంతే. చుక్క తగ్గలేదు. రెండోది అక్కడికి ముప్పావు కిలోమీటరు దూరంలో, మురుగుకాలవ తూము. అక్కడ అంకె చూసి మొదట పరికరం పాడైందనుకుంది. తుడిచి, మళ్లీ జిగురు రాసి, జరిపి చూసింది. సగం కంటే తక్కువ. మూడోసారీ అంతే.

నీళ్లు పోతున్నది ఈ రెండు చోట్ల మధ్యనే. చదునైన రోడ్డు. ఒక పక్క వరి కోసిన మళ్లు. రెండో పక్క రొయ్యల చెరువులు, వాటి వెనక ఎత్తైన పాత ఐసు ఫ్యాక్టరీ గోడ. అందరి చూపూ ఆ గోడ దగ్గరే ఆగింది. రొయ్యలకు మంచినీళ్లు అక్కర్లేదు. ఐసుకు కావాలి.

ఝాన్సీలక్ష్మి గుమాస్తాతో గునపాలు పట్టించుకు రమ్మంది. ఫ్యాక్టరీ గోడకు ఎదురుగా రోడ్డు వార తవ్వించాలంది. మాట పూర్తికాకముందే, వచ్చినప్పటి నుంచీ ఎవరి వైపూ చూడని సత్యానందం నాలుగడుగులు ముందుకు వచ్చాడు. వేపచెట్టు పక్కన ఒకచోట కాలి బొటనవేలితో గీత గీశాడు.

“అక్కడ కాదండి. ఇక్కడ. మూడడుగుల లోతు. నీళ్లు పక్కకి మళ్లించే కలపింపు కిందుంది, నేను బిగించిందే.”

వెంకాయమ్మ అలాగే రోడ్డు మీద కూలబడింది. హరిబాబు జేబులోంచి ఫోన్ తీశాడు. సాదియా సత్యానందం ఎదురుగా వెళ్లి నిలబడింది. ఆమె కళ్లు మండుతున్నాయి.

“ఎవరు బిగించమన్నారు బాబాయ్ గారూ? ఇన్నాళ్లూ ఎవర్ని కాపాడుతున్నారు?”

“ఎవర్నీ కాదమ్మా. ఆర్డరు కాగితం వచ్చింది. రెండేళ్ల కింద, తుఫాను నెలలో. ఐసు ఫ్యాక్టరీకి నెల రోజులు ఇవ్వమని రాశారు. నెల అయిపోయాక మూసేస్తానని నాలుగుసార్లు అర్జీ పెట్టుకున్నాను. జవాబు రాలేదు. నాలుగో అర్జీ తర్వాత, మూడు నెలల కింద, ఆ కలపింపు వాల్వు పూర్తిగా తెరిచేసి వేరే తాళం వేశారు. అప్పటి నుంచి రిజిస్టరులో నీరు అందలేదని రాయడం ఒక్కటే నా చేతిలో మిగిలింది.” అతను ఆగి, మొదటిసారి ఇంజనీరు మొహంలోకి చూశాడు. “పొద్దున ఆ గదిలో చెబుదామనే వచ్చానండి. బల్లకు అవతల ఎవరు కూర్చున్నారో చూశాక నోరు రాలేదు. ఆ ఆర్డరు మీద సంతకం మీదేనండి, మేడమ్.”